ఇసుక దెబ్బను మ్రింగు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కొబ్బరికాయను ఱాతిపై గొట్టిన పగులును. ఆ కాయనే అంతే బలముతో ఏటి యిసుకపై గొట్టినచో పగులదు. ఇసుకలో నించుక దిగబడి, కదలక నిలిచిపోవును. ఇనుపగుండును బండపై జాఱవిడిచిన ఖంగుమని పైకి లేచును. ఇసుకపై విడిచినచో గట్టిగా చప్పుడైనను చేయదు, తిరిగి లేవదు. ఈ సంగతి పసిబాలునకు సైతము తెలియును. కాని ఆ దెబ్బ యెచటికి బోయినదని యడిగినచో పెద్దలు సైతము తడుముకొందురు. “ఇసుక మెత్తనిది గనుక” అనుట సమాధానము గాదు. ఇసుక మెత్తనిది గానే కాదు. ఏటి యిసుకలో హెచ్చుపాలు స్ఫటికశిలా శకలములే. ఒక్క పలుకును దీసికొని గాజుపలకపై రాచినచో గాజుమీద గీత పడును. గాజును గీయగల కాఠిన్యముగల కణములు కుప్పగూడినంతనే పరుపువలె దెబ్బను సహించుచున్నవనగా, ఆ గుణము కణమునందు లేదు, కుప్పయందున్నదని యర్థము. ఆ కుప్పయొక్క మర్మమే నేటి ప్రసంగమునకు విషయము.

ముందుగా ఒక చిన్న లెక్క. పది అడుగుల యెత్తునుండి, అనగా 120 అంగుళములనుండి, ఒక వస్తువు పడినదనుకొందురు గాక. బండమీద అది అంగుళములో పదవవంతు దూరమున ఆగినచో, ఆగునప్పుడు దానిపై బడు బలము సగటున దాని బరువునకు 1201 రెట్లుండును. అదియే ఇసుకలో ఒక అడుగు దిగి యాగినచో, ఆ బలము 11 రెట్లు మాత్రమే. పడిన యెత్తు ఒకటే, వచ్చిన వేగము ఒకటే. ఆగుటకు దొరకిన దూరము వేఱు. పండ్రెండువందల రెట్ల బరువు నెముక యోర్వలేదు. పదునొకండు రెట్లను క్షణకాలము ఓర్చుకొనవచ్చును. చోటిచ్చి ఆపుట ఇసుక చేయు మొదటి మేలు.

అయితే చోటిచ్చి యాపు వస్తువులు మఱికొన్ని కలవు. ఉక్కు స్ప్రింగును చోటిచ్చును, రబ్బరును చోటిచ్చును. కాని అవి పుచ్చుకొన్న దానిని దాచి యుంచి, వెంటనే తిరిగి చెల్లించును. అందుచేతనే స్ప్రింగుపై బడినది మఱల పైకెగయుచున్నది. ఇసుక ఖాతాలో జమయే కాని తిరుగు చెల్లింపు లేదు. ఇది రెండవ మేలు. శాస్త్రదృష్టితో జూచినచో మొదటిదానికంటె వింతయైనది.

శక్తి నశింపదనియు, రూపము మార్చుకొనుననియు ప్రకృతిశాస్త్రము చెప్పును. గుండు ఇసుకను దాకినప్పుడు దాని క్రింది కణములు కదలును. అవి ప్రక్క కణములను నెట్టును, అవి మఱికొన్నింటిని. ప్రతి నెట్టుటయందును రెండు కణముల ముఖములు ఒండొంటితో రాచుకొనును. రాపిడి చేత వేడి పుట్టును. దానిమేరకు కదలిక తఱుగును. ఒక్కొక్క రాపిడిలో పోవునది స్వల్పమే. కాని కణముల సంఖ్య స్వల్పము గాదు. అర మిల్లీమీటరు వ్యాసముగల కణములైనచో ఒక ఘనపు అంగుళము ఇసుకలో అవి సుమారు లక్షన్నర యుండును. చక్రవడ్డీ లెక్క తెలిసినవారికి ఇచటి సంగతి సులభముగా బోధపడును. ఒక్కొక్క తాకుడులో శక్తిలో పదవవంతు మాత్రమే పోవుననుకొన్నను, పది తాకుడులకు మిగులునది మూడవవంతుకు కొంచె మధికము, ఇరువదింటికి ఎనిమిదవవంతునకు లోపు, ఏబదింటికి రెండువందలవవంతు. అసలునకు వడ్డీ పెరిగినట్లే యిచట తఱుగుదల పెరుగుచున్నది. కన్ను మూసి తెఱచునంతలో ఈ వేలాది పద్దులు ముగిసి, నిల్వ సున్న యగును. పుట్టిన వేడి యెంతయందురా? కిలోగ్రాము గుండు పది అడుగులనుండి పడి మూడు కిలోగ్రాముల యిసుకలో నాగినచో, ఆ యిసుక వేడి డిగ్రీలో సుమారు ఎనుబదవవంతు పెరుగును. చేతికి తెలియదు. కనుకనే దెబ్బ మాయమైనదని లోకము భ్రమించుచున్నది.

దీనికి ఇంటిలోనే పరీక్ష కలదు. మూతగల గుండ్రని డబ్బాను ఖాళీగా నేలపై దొర్లించినచో దూరము పోవును. అదే డబ్బాను సగము ఇసుకతో నింపి దొర్లించినచో నాలుగు పొర్లులు పొర్లి ఆగిపోవును. లోపలి కణములు ఒకదానిపై నొకటి జాఱుచు డబ్బాకు గల వేగమును దినివేయును. కర్మాగారములలో వాడు ఒక రకపు సుత్తి తలను బోలుగా జేసి, అందు ఉక్కు గుండ్లు వేయుదురు. కొట్టినప్పుడు అది ఎదురు తన్నదు. ఈ డబ్బాకును, ఆ సుత్తికిని సూత్ర మొకటే.

రాపిడి యెంత యనుటకు కొలబద్ద కలదా? కలదు, అది ప్రతి కళ్ళములోను కంటి యెదుటనే యుండును. ధాన్యపు రాశియొక్క వాలే యా కొలబద్ద. పోయగా పోయగా రాశి పెరుగునే కాని, ఒక మేరను మించి నిటారు కాదు. మించినచో గింజలు జాఱి మఱల అదే వాలునకు వచ్చును. ఆ వాలు గింజకును గింజకును గల పట్టును దెలుపును. 12వ శతాబ్దమున భాస్కరాచార్యుడు తన లీలావతీ గణితమున రాశివ్యవహారమను ప్రకరణమునే యిందుకు గేటాయించెను. చదునైన నేలపై పోసిన రాశికి చుట్టుకొలత తెలిసినచో ఎత్తును గొలువనక్కఱలేదని యాతని మతము. శనగలవంటి పెద్ద గింజలకు ఎత్తు చుట్టుకొలతలో పదవవంతు. ఆవాలవంటి సన్నగింజలకు పదునొకండవవంతు. వరివలె ముల్లుగల ధాన్యమునకు తొమ్మిదవవంతు. చుట్టుకొలతలో ఆరవవంతును వర్గించి ఎత్తుచే గుణించినచో ఘనఫలము వచ్చును. చుట్టుకొలత 60 హస్తములైన పెద్దగింజల రాశికి ఎత్తు 6, ఘనఫలము 600 హస్తములు.

ఈ మూడు భిన్నములను నేటి కోణములలోనికి మార్చి చూడవలయును. పెద్దగింజలకు సుమారు 32 డిగ్రీలు, సన్నగింజలకు 30, ముల్లుగింజలకు 35 వచ్చుచున్నవి. నేటి యింజనీర్లు ధాన్యములకును ఇసుకకును జెప్పు వాలు కోణములు ఈ ప్రాంతముననే యున్నవి. నునుపైన సన్నగింజ సులువుగా జాఱును, ముల్లున్న గింజ పట్టుకొని నిలుచును అను భేదము నాచార్యుడు భిన్నములలో బిగించెను. ఘనఫలము మాత్రము అసలునకంటె నూటికి సుమారు 5 పాళ్ళు హెచ్చుగా వచ్చును. వృత్తపరిధిని వ్యాసమునకు మూడు రెట్లుగా దీసికొనుటయే దానికి కారణము. రాశిని జూచి పన్ను నిర్ణయించు దినములలో ఆ 5 పాళ్ళు ఎవరి నెత్తిన బడెనన్నది వేఱొక యుపన్యాసమునకు దగిన విషయము. ఐరోపాలో మట్టిగోడల యొత్తిడికి సంబంధించి కణముల రాపిడిని ఫ్రాన్సుదేశీయుడగు కులూంబు 1773లో సమర్పించిన వ్యాసమున శాస్త్రముగా నిరూపించెను. అప్పటికి లీలావతి పుట్టి ఆఱువందల యేండ్లు దాటినది.

ఈ రాపిడియే గాదెలో మఱియొక వింతను జూపును. కుండలో నీరు పోసినకొలది అడుగున నొత్తిడి పెరుగును. గాదెలో ధాన్యము పోసినకొలది అట్లు పెరుగదు. కొంత యెత్తు దాటిన పిమ్మట అడుగునకు దెలియనే తెలియదు. పైని బరువును గింజలు ప్రక్కలకు మరల్చి, గోడలకు రాచుకొని, గోడలపై వేయును. జర్మనీదేశపు యాన్సెన్ 1895లో ధాన్యపు గాదెలపై పరీక్షలు చేసి దీనిని సూత్రీకరించెను. ఇసుక గడియారములో ఇసుక నిండుగా నున్నను, సగమే యున్నను ఒకే తీరున జాఱును. నీటి గడియారమున కా స్థిరత లేదు. గాదె గట్టించువా రందుచే అడుగునకంటె గోడలను గూర్చి హెచ్చుగా జింతింపవలయును. ఇంకొక హెచ్చరిక. పెద్ద గాదెలో క్రింది ద్వారమునుండి ధాన్యము జాఱుచుండగా పైని మనిషి దిగరాదు. జాఱుచున్న గింజలు వానిని బట్టి లోపలికి లాగును. నడుముదాక దిగినవానిని ఒక్కరు పైకి దీయుట యసాధ్యము.

ధాన్యపు బరువును ప్రక్కలకు మరల్చినట్లే, పైనుండి పడిన దెబ్బను గూడ కణములు ప్రక్కలకు మరల్చును. అది యన్ని కణములకు సమముగా పంచబడునని తలచుట సహజము. నిజమట్లు కాదు. 1957లో ఫ్రాన్సుదేశపు దాంతూ అను శాస్త్రజ్ఞుడు, నొక్కుడు తగిలినచోట కాంతి మారి కనబడు పారదర్శక పదార్థముతో ఈ సంగతిని కంటికి గనబఱచెను. బలము కొన్ని కణముల వెంట గొలుసులుగా బాఱును. ప్రక్కనున్న కణములు కొన్ని యూరక యుండును. వాగు పాయలుగా చీలినట్లు ఆ గొలుసులు చీలుచు, ఒక పాయ తెగినచో వేఱొక పాయ గట్టుకొనుచు నుండును. ప్రతి తెగుటయు, ప్రతి కట్టుటయు దెబ్బలో కొంత ఖర్చు.

ఇంతవఱకు జెప్పినదానిని బట్టి ఇసుక యున్నంతమాత్రముననే రక్షణ కలదని యెవ్వరును భావింపరాదు. ఇసుకకు రెండు స్వభావము లున్నవి. సముద్రతీరమున తడియిసుకపై నడచునప్పుడు పాదము చుట్టును ఇసుక తెల్లబడి పొడిగా నగుట చూచియే యుందురు. ఆంగ్లేయుడగు ఆస్‌బర్న్ రెనాల్డ్సు 1885లో దీని కారణమును దెలిపెను. దట్టముగా సర్దుకొన్న కణములు కదలవలెనన్న ఒకదానిపై నొకటి యెక్కవలయును. ఎక్కినప్పుడు నడుమ సందు పెరుగును. పైనీరు ఆ సందులలోనికి దిగిపోవును. అనగా దట్టమైన యిసుక కదలుటకు ఉబ్బవలయును. చుట్టును చోటు లేనిచో అది కదలనే కదలదు, బండవలె నెదుర్కొనును. వదులైన యిసుక యట్లు కాదు. నొక్కగనే సర్దుకొని క్రుంగును. దెబ్బను మ్రింగునది ఈ వదులు ఇసుకయే. వ్యాయామశాలలో ప్రతిదినము గోదాను గుల్లగా త్రవ్విన పిమ్మటనే కుస్తీ పట్టుట వట్టి యాచారము గాదు.

రైలుమార్గములయందు ఈ రెండు స్వభావములను వేర్వేఱుగా వాడుకొన్నారు. బండి యాగవలసినచోట నాగక ముందునకు దాటి పోవు ప్రమాదము గల స్టేషనులలో, మార్గపు చివర పట్టాలను ఇసుక మేటలో పూడ్చి యుంచుట కలదు. చక్రములు ఆ యిసుకను దున్నుచు పోయి, గోడకు గ్రుద్దుకొనక మునుపే నిలిచిపోవును. అచట వలయునది వదులు ఇసుక. స్లీపర్ల క్రింద వలయునది వేఱు. అక్కడ 20 మొదలు 65 మిల్లీమీటర్ల వఱకు గల పగులగొట్టిన కంకర పఱతురు. ఏటి గులకఱాళ్ళు పనికిరావు. గుండ్రని ఱాయి దొర్లును. మూలలుగల ఱాయి పొరుగు ఱాతితో మెలివడి నిలుచును. బండి పోవుచున్నప్పటి యదురు ఆ ఱాళ్ళ మూలల రాపిడిలో నడగును. ఉచితముగా నడగదు. కొన్నేండ్లకు మూలలరిగి పొడియై, ఆ పొడి సందులను పూడ్చును. కంకరను జల్లించి శుభ్రపఱచి మఱల వేయవలసివచ్చును. దెబ్బ యేమైనదని యడుగువారికి ఆ జల్లెడ క్రింది పొడియే జవాబు.

యుద్ధములలో ఇసుక బస్తాలు చేసిన మేలును వేఱుగా వర్ణింప బనిలేదు. మొదటి ప్రపంచసంగ్రామమున ఐరోపా కందకములలో పేర్చిన బస్తాలకు గోనె చాలవఱకు బంగాళపు జనుముతో నేసినది. బస్తాను బిగియ నింపక ముప్పాతిక నింపుదురు. అట్లయిననే ఒకదానిపై నొకటి యొదిగి, సందు లేక కూర్చుండును.

తెలుగునేలపై ఈ విషయమునకు మిక్కిలి ప్రసిద్ధమైన సాక్ష్యము ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి. కాకతీయ గణపతిదేవుని కాలమున ఆయన సేనాని రేచర్ల రుద్రుడు నిర్మించిన యీ రుద్రేశ్వరాలయము 1213 నాటిది; 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ సంపదల పట్టికలో జేర్చబడినది. శిఖరమును నీట దేలునంత తేలికయైన యిటుకలతో గట్టి పైబరువును దగ్గించిరి. పునాదికి గుంట త్రవ్వి ఇసుకతో నింపి, దానిపై నిర్మించిరి. హనుమకొండ వేయిస్తంభాల గుడి పునాదియు ఇట్టిదే. ఆ శిల్పుల బుద్ధిని యెంత కొనియాడినను తక్కువయే. కాని ఇసుక యున్నందున భూకంపము రామప్ప గుడిని తాకనే తాకదనియు, ఇసుకపై గుడి యుయ్యాలవలె నూగుననియు వ్రాయువారు శాస్త్రమును దాటిపోవుచున్నారు. ఆ గుడిలో నేలయు, పైని దూలములును కొన్నిచోట్ల క్రుంగి యెగుడుదిగుడుగా నుండుట చూపరులకు దెలియుచునే యున్నది. వేయిస్తంభాల గుడి కల్యాణమండపమును 2006లో విప్పి, పునాదినుండి మఱల నిలిపి, 2024లో దెఱవవలసివచ్చినది. నాలుగు ప్రక్కల గట్టు కలిగి, నీరు చొరక, దట్టముగా నున్నంతకాలము పునాదిలోని యిసుక బరువును సమముగా బంచును, అదురును గొంత తగ్గించును. గట్టు సడలి ఇసుక జాఱినను, నీరు దానిని గడిగికొనిపోయినను పైని ఱాయి క్రుంగక మానదు. ఆ పూర్వులను గౌరవించువారు గుడి చుట్టును నీటి పాఱుదలను గాపాడవలయును.

నీరు, ఇసుక, అదురు ఈ మూడును గలిసిన యెడల రక్షకుడే భక్షకుడగును. వదులైన యిసుక సందులన్నియు నీటితో నిండియుండగా భూమి యదరినచో, కణములు సర్దుకొని దగ్గఱకాబోవును. నడుమనున్న నీరు అంత త్వరగా బయటపడలేదు. అప్పుడు బరువంతయు నీటిపై బడును, కణములు ఒండొంటి పట్టు విడుచును. పట్టు లేనిచోట రాపిడి లేదు. రాపిడి లేని యిసుక ఇసుక కాదు, చిక్కని ద్రవము. 1934 జనవరి 15వ తేదీన బీహారు భూకంపమున గంగకు ఉత్తరపు పల్లపు నేలలలో పగుళ్ళనుండి నీరును ఇసుకయు చిమ్మినవి. పంటపొలములపై ఇసుక పఱచుకొన్నది, బావులు ఇసుకతో పూడినవి, ఇండ్లు ఒరిగి నేలలో దిగబడినవి. 1964 జూన్ 16వ తేదీన జపానులోని నీగాట నగరమున నదియొడ్డు ఇసుకనేలపై గట్టిన కాంక్రీటు మేడలు గోడ పగులకయే ప్రక్కకు ఒరిగినవి. అందొకటి దాదాపు నేలపై బరుండినది. మేడ గట్టువారి లోపము కాదు. క్రింది కణములు ఒక నిమిషము పట్టు విడిచినవి. ఏటియొడ్డున గాని, పూడిన చెఱువు ఇసుకమేటపై గాని ఇల్లు కట్టదలచువారు ముందుగా ఎన్ని యడుగుల లోతున నీరు పడుచున్నదో విచారించుట మేలు.

కడపట పిల్లల సంగతి. పాఠశాలల యాటస్థలములలో లాంగుజంపునకు గుంట త్రవ్వి ఇసుక పోసి, ఆ యేటికి పని ముగిసినదని విడిచివేయుట చాలచోట్ల గలదు. రెండు వానలకు చుట్టుప్రక్కల బంకమన్ను కొట్టుకొనివచ్చి ఇసుకలో గలియును; ఎండకు గట్టిపడును; మూడవనెలకు గుంట పేరునకు ఇసుకగుంట, స్వభావమునకు బండ. చూపునకు ఇసుకయే గనుక బాలుడు నమ్మి దూకును. అడుగు దూరములో నాగవలసినవాడు అంగుళములో నాగును. బండను చూచి యెవడును అంత ధైర్యముతో దూకడు గనుక, అట్టి గుంటకంటె గుంట లేకుండుటయే మేలు. గుంటలో మన్ను లేని ముతక యేటి యిసుక కనీసము అడుగు లోతున నుండవలయును. చుట్టును గట్టు పోసి వాననీటిని బయటికి మళ్ళింపవలయును. దుమ్ము లేవకుండ కొద్ది తడి యుండవచ్చును, నీరు నిలువరాదు. ఆటకు మునుపు ప్రతిదినము పారతో అడుగువఱకు దిరుగవేసి, సరిచేయవలయును. ఇద్దఱు పెద్దపిల్లలకు అది పావుగంట పని.